బ్యాటరీ నెంబరు కాదు, గంటల లెక్క అడుగుదాం

కరెంటు పోతే చీకట్లో కూర్చోకూడదని బ్యాటరీ కొంటున్నాం. బాగానే ఉంది. మరి ఏ సైజు బ్యాటరీ కొనాలో తేలుస్తున్నది ఎవరు? మనమా, దుకాణమా? పెదపాడు నుంచి వట్లూరు దాకా, కలపర్రు నుంచి అప్పనవీడు దాకా, ఏలూరు వెళ్లి ఇన్వర్టర్ తెచ్చుకునే మనవాళ్లకు కౌంటరు దగ్గర వినిపించే మాట ఒక్కటే. 'నూట యాభై వేయించుకోండి బాబాయ్, ఇక చూసుకోనక్కర్లేదు.' కాస్త డబ్బున్న మనిషి కనిపిస్తే నూట యాభై కాస్తా రెండు వందలవుతుంది. ఇంట్లో ఎన్ని ఫ్యాన్లు తిరుగుతాయి, కరెంటు ఎన్ని గంటలు పోతోంది అని అడిగే నాథుడు లేడు. అడగకుండానే మందు రాసే డాక్టరును మనం ఒప్పుకుంటామా?

మేము చెప్పదలచుకున్నది ఒకే ఒక్క మాట. బ్యాటరీ సైజు దుకాణం చెప్పే నెంబరు కాదు. అది మన ఇంటి వాడకాన్నీ మన ఊరి కోతల గంటలనూ గుణిస్తే వచ్చే లెక్క. ఆ లెక్క మనం వేసుకోనంత కాలం ఒక ఇంట్లో చాలని బ్యాటరీ, ఇంకో ఇంట్లో ఎప్పటికీ నిండని బ్యాటరీ కూర్చుంటాయి. రెండిట్లోనూ పోయేది మన డబ్బే.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు కరెంటును ఎలా పంచారో గుర్తుందా? జనాభాను బట్టి కాదు, నోటిమాట మీద కాదు. అంతకు ముందు ఏళ్లలో ఎవరు ఎంత వాడారో లెక్క తీసి తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతం అన్నారు. ఆ పంపకం న్యాయమా కాదా అన్నది వేరే వాదం. కానీ ముందు బల్ల మీద పెట్టింది వాడకం లెక్కే. అదే లెక్క మన ఇంటికి ఎందుకు తీయం?

నూట యాభై అంటే ఏమిటి?

బ్యాటరీ మీద '12 వోల్టులు, 150 ఏహెచ్' అని రాసి ఉంటుంది. ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్. 12ను 150తో గుణిస్తే 1800 వాట్ అవర్లు. అంటే కాగితం మీద దాదాపు రెండు యూనిట్ల కరెంటు. ఇక్కడే ఉంది తిరకాసు. ఆ నెంబరు పక్కన చిన్న అక్షరాల్లో 'సి20' అని ఉంటుంది. ఆ బ్యాటరీని 20 గంటల పాటు, గంటకు ఏడున్నర ఆంపియర్ల చొప్పున నెమ్మదిగా వాడుకుంటేనే 150 వస్తుందని దానర్థం. ఏడున్నర ఆంపియర్లంటే 90 వాట్లు. ఒక పాత ఫ్యాన్, ఒక బల్బు. అంతే!

మన ఇళ్లలో అలా వాడం. మూడు ఫ్యాన్లు, టీవీ, లైట్లు ఒకేసారి వేస్తాం. తొందరగా లాగేకొద్దీ సీసపు బ్యాటరీ ఇచ్చే మొత్తం తగ్గిపోతుంది. ఈ సంగతిని పాయికెర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1897లోనే సూత్రం కట్టి చెప్పాడు. పైగా బ్యాటరీని అడుగంటా పిండితే దాని ఆయుష్షు పోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ దాని సత్తువ ఎలాగూ తగ్గుతుంది. ఇవన్నీ కలుపుకొని, రాసిన నెంబరులో 60 శాతమే మనదనుకోవడం మంచిది. అందులోంచి ఇన్వర్టర్ తన కూలి కింద మరో 15 శాతం తినేస్తుంది. చివరికి 1800లో మన ఫ్యాన్లకూ లైట్లకూ అందేది 900 పైచిలుకు. సగం! ఈ సగం సంగతి బిల్లు మీద ఎక్కడా ఉండదు.

ఇన్వర్టర్ మీది నెంబరు కూడా ఇలాంటిదే. 900 వీఏ అని ఉంటే 900 వాట్లు నడుస్తాయనుకుంటారు. నడవవు. సుమారు 700 వాట్లు నడుస్తాయి. ఇంకో సంగతి కూడా మరిచిపోవద్దు. ఇన్వర్టర్ నెంబరు ఒకేసారి ఎన్ని వేయొచ్చో చెబుతుంది. ఎంతసేపు నడుస్తాయో చెప్పేది బ్యాటరీ. దుకాణంలో ఈ రెండిటినీ కలిపేసి మాట్లాడితే మనం అక్కడే ఆపి అడగాలి.

ఒక ఇంటి లెక్క

పెదపాడులో ఒక మామూలు ఇల్లు తీసుకుందాం. మూడు పాత సీలింగ్ ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు. మొత్తం 225. నాలుగు ఎల్‌ఈడీ బల్బులు, తొమ్మిదేసి వాట్లు. మొత్తం 36. టీవీ 60. ఫోన్ల ఛార్జింగుకు 15. అన్నీ కలిపితే 336 వాట్లు. కోత మూడు గంటలనుకుంటే 1008 వాట్ అవర్లు కావాలి. దీన్ని 0.85తో భాగించి, మళ్లీ 0.60తో భాగిస్తే 1976 వస్తుంది. 12తో భాగిస్తే 165 ఏహెచ్. అంటే 'చూసుకోనక్కర్లేదు' అన్న నూట యాభై ఈ ఇంటికి చాలదు. మొదటి ఏడాది ఎలాగో నెట్టుకొచ్చినా మూడో ఏడాది మే నెలలో అర్ధరాత్రి కూతపెట్టి ఆగిపోతుంది.

అయితే రెండు వందలు కొనాలా? ఆగండి. అదే ఇంట్లో పాత ఫ్యాన్లు తీసేసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టండి. 225 కాస్తా 90 అవుతుంది. మొత్తం 201 వాట్లు. మూడు గంటలకు 603. అదే లెక్కన భాగిస్తే దాదాపు 100 ఏహెచ్ సరిపోతుంది! గాలి అదే, వెలుగు అదే, గంటలు అవే. బ్యాటరీ మాత్రం 165 నుంచి 100కు దిగింది. పెద్ద బ్యాటరీకి పెట్టే అదనపు డబ్బు నాలుగైదేళ్లలో కరిగిపోతుంది. ఫ్యాన్లకు పెడితే కరెంటు ఉన్నప్పుడు కూడా ప్రతి నెలా బిల్లులో కొంత వెనక్కి వస్తుంది. బల్బుల విషయంలో ఈ పాఠం మనం ఎప్పుడో నేర్చుకున్నాం. 60 వాట్ల బల్బు పోయి తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ వచ్చాక ఎవరైనా వెనక్కి వెళ్లారా? ఫ్యాన్ల దగ్గరే ఆగిపోయాం.

పెద్దది కొంటే పోయేదేముంది?

'ఉంటే మంచిదే కదా' అంటారు. ఇది ధాన్యం గాదె కాదు. సీసపు బ్యాటరీ నిండుగా ఉన్నంత కాలమే బాగుంటుంది. సగం నిండి, సగం ఖాళీగా రోజుల తరబడి ఉంటే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. ఇక అది కరగదు. కాబట్టి ఎంత పెద్ద బ్యాటరీ కొన్నామన్నది ఎంత ముఖ్యమో, కరెంటు ఉన్న గంటల్లో దాన్ని నింపగలమా అన్నదీ అంతే ముఖ్యం.

లెక్క చూడండి. బ్యాటరీ ఏహెచ్‌లో పదో వంతు ఆంపియర్లతో ఛార్జి చేయాలన్నది ఈ పనిలో ఉన్నవాళ్ల మామూలు కొలత. 200 ఏహెచ్ బ్యాటరీకి 20 ఆంపియర్లు. ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టర్ ఇచ్చేది పది ఆంపియర్లే అయితే? 120 ఏహెచ్ వాడేసిన బ్యాటరీ మళ్లీ నిండడానికి, మధ్యలో పోయేది కలుపుకొని, 14 గంటలు పడుతుంది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు కోత ఉన్న ఊళ్లో ఆ బ్యాటరీ ఎప్పుడు నిండాలి? నిండదు. రెండేళ్లలో చస్తుంది. అప్పుడు కంపెనీని తిట్టుకుంటాం.

అందుకే బ్యాటరీ మార్చేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఇది ఎంత పెద్దది' కాదు. 'నా ఇన్వర్టర్ దీన్ని నింపగలదా?' అన్నది. పాతదాని పక్కన కొత్తది జతచేసి నెట్టుకొద్దామనుకునే వాళ్లకు ఇంకో మాట. ముసలి ఎద్దునూ కోడెనూ ఒకే కాడికి కడితే ఏమవుతుందో అదే అవుతుంది. పాతది కొత్తదాన్ని కూడా లాగేస్తుంది.

ఈ మధ్య లిథియం బ్యాటరీలు వస్తున్నాయి. రాసినదాంట్లో 80 శాతం దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు, నీళ్లు పోసే పని లేదు. 12.8 వోల్టుల 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ మన నూట యాభై సీసపు బ్యాటరీ చేసే పని దాదాపుగా చేస్తుంది. కానీ దానికి తగిన ఛార్జర్ ఉన్న ఇన్వర్టరే కావాలి. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఇంటి యజమాని చనిపోయిన సంగతి మనకు తెలుసు. స్కూటర్ బ్యాటరీ వేరు, ఇన్వర్టర్ బ్యాటరీ వేరు. కానీ ఏదైనా మంచం పక్కన పెట్టుకునే వస్తువు కాదు. సీసపు బ్యాటరీ ఛార్జి అవుతుంటే హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలి ఆడే చోటే పెట్టాలి, దీపం దగ్గర పెట్టకూడదు.

ప్రాణం ఆధారపడిన ఇల్లు

టీవీ ఆగితే సీరియల్ పోతుంది. అంతకంటే నష్టం లేదు. కానీ కోవిడ్ తర్వాత కొన్ని ఇళ్లలోకి ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు వచ్చాయి. ఊపిరితిత్తులు దెబ్బతిన్న పెద్దవాళ్లు రాత్రంతా వాటి మీదే పడుకుంటున్నారు. అయిదు లీటర్ల మిషను సుమారు 350 వాట్లు లాగుతుంది. నూట యాభై బ్యాటరీ మీద అది ఎంతసేపు నడుస్తుంది? 900ను 350తో భాగించండి. రెండున్నర గంటలు! రాత్రి ఎనిమిది గంటలు నడవాలంటే అలాంటివి మూడు బ్యాటరీలు కావాలి. 'చూసుకోనక్కర్లేదు' అన్న మాట నమ్మి నిద్రపోయిన కొడుకు తెల్లవారుజామున మూడింటికి ఏం చేయాలి?

ఇలాంటి ఇంట్లో బ్యాటరీ లెక్క తప్పకూడదు. ఒకటి, ఆ మిషనుకు విడిగా లైను వేసి కోత వచ్చినప్పుడు మిగతావన్నీ ఆపేయాలి. రెండు, బ్యాటరీ ఎంత పెద్దదైనా పక్కన నిండు సిలిండరు ఉండాలి. మూడు, నెలకోసారి కరెంటు ఉన్నప్పుడే మెయిన్ ఆపి, గడియారం పెట్టుకొని, ఎంతసేపు నడిచిందో చూడాలి. ఆ రాత్రి తెలుసుకునే కంటే పగటిపూట తెలుసుకోవడం మేలు.

తుఫాను రోజుల లెక్క వేరు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు నీళ్లలో, చీకట్లో ఉండిపోయాయి. ఆ బుడమేరు నీళ్లు వచ్చి చేరేది మన కొల్లేరులోకే. అలాంటి రోజులకు సరిపడా బ్యాటరీ కొనడం ఎవరి తరమూ కాదు. కొనక్కర్లేదు కూడా. తుఫాను కబురు రాగానే పొదుపు మొదలుపెడితే చాలు. రెండు బల్బులు, ఫోన్ల ఛార్జింగు మాత్రమే ఉంచితే అదే నూట యాభై బ్యాటరీ ఒక పగలూ ఒక రాత్రీ లాగుతుంది. బ్యాటరీని నేల మీద కాకుండా ఎత్తు మీద పెట్టిన ఇంటికే ఆ భాగ్యం.

చెరువు గట్టు మీద ఈ లెక్క పనికిరాదు

కొల్లేరు అంచున ఉన్న మనకు ఇంకో కరెంటు భయం ఉంది. చేపల, రొయ్యల చెరువుల మీద రాత్రిపూట ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి సరుకు తేలిపోతుంది. ఏడాది కష్టం, చేసిన అప్పు, అన్నీ ఒక్క రాత్రిలో. అందుకని 'చెరువుకు కూడా ఇన్వర్టర్ పెట్టేద్దాం' అనే మాట వినిపిస్తోంది. లెక్క వేద్దాం.

రెండు హెచ్‌పీ ఏరేటర్లు నాలుగు. ఒక్కోటి 1500 వాట్లు, మొత్తం ఆరు వేలు. నాలుగు గంటలకు 24 యూనిట్లు. మన 0.85, 0.60 లెక్కన 47 యూనిట్ల బ్యాటరీలు. అంటే నూట యాభైవి 26! మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కంటే అయిదారు రెట్లు లాగుతుంది, దానికి తట్టుకునే ఇన్వర్టర్ ఇంకో ఖర్చు. చెరువుకు కావాల్సింది డీజిల్ జనరేటరే. బ్యాటరీకి అక్కడ చిన్న పని ఉంది. కరెంటు పోయిన వెంటనే అలారం మోగించి కాపలా మనిషిని లేపాలి, జనరేటరుకు స్టార్టింగ్ ఇవ్వాలి. దానికి చిన్న బ్యాటరీ చాలు, కానీ అది చచ్చిందో బతికిందో వారం వారం చూడాలి.

ఇంటి మీద సోలార్ పెట్టుకున్నవాళ్లకూ ఒక మాట. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ వస్తోందని చాలామంది పలకలు పెట్టిస్తున్నారు. మంచిదే. కానీ లైనుకు కలిపిన మామూలు సోలార్ కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం కాపాడడానికి పెట్టిన ఏర్పాటు అది. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా ఫ్యాను తిరగదు. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ అయితేనే తిరుగుతుంది. ఈ సంగతి పలకలు బిగించక ముందే అడగాలి.

ఎండ, నీళ్లు, పాత బ్యాటరీ

బ్యాటరీ మీద రాసిన నెంబరు 27 డిగ్రీల వేడి దగ్గర కొలిచింది. మన దగ్గర మే నెలలో రేకుల షెడ్డు కింద ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది ఈ రంగంలో ఎప్పటినుంచో ఉన్న మోటు లెక్క. మెట్ల కింద, నీడలో, గాలి ఆడే చోట పెట్టినవాడు ఖర్చు లేకుండా బ్యాటరీ సైజు పెంచుకున్నట్టే. పోసేది డిస్టిల్డ్ వాటరే కావాలి. కొల్లేరు పక్క ఊళ్ల బోరు నీళ్లలో ఉప్పు ఎంతో మనకు తెలుసు. తాగడానికి పనికిరాని నీళ్లు బ్యాటరీకి ఎలా పనికొస్తాయి?

పాత బ్యాటరీని వీధిలోకి వచ్చిన తుక్కువాడికి ఇచ్చేయకండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి తీసుకుని పద్ధతిగా కరిగించే బాధ్యత తయారీదారులదే. ఎక్కడో మూల కూర్చుని పగలగొట్టి, యాసిడ్ మురుగు కాలవలో పోస్తే అది చేరేది కొల్లేరులోకే.

మన లెక్క సరే, వాళ్ల లెక్క ఏది?

ఇంతవరకూ చెప్పిన లెక్కలో ఒక అంకె మన చేతిలో లేదు. కోత ఎన్ని గంటలు? ఆ అంకె తెలియకే భయంతో పెద్ద బ్యాటరీలు కొంటున్నాం. 2012-13లో ఉమ్మడి రాష్ట్రంలో కోతలు ముదిరినప్పుడు ఇన్వర్టర్లు అలాగే ఇళ్లలోకి వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించినప్పుడు ఆ భయం మళ్లీ తిరిగొచ్చింది. మనకు కరెంటు ఇచ్చేది విశాఖ కేంద్రంగా ఉన్న ఈపీడీసీఎల్. ఏ ఫీడరులో కరెంటు ఎప్పుడు పోయిందో, ఎప్పుడు వచ్చిందో సబ్‌స్టేషన్‌లో రాస్తారు. ఆ పుస్తకం మన కరెంటు చరిత్ర. అది మనకెందుకు కనిపించదు?

2004లో అప్పటి విద్యుత్ నియంత్రణ మండలి తెచ్చిన 7వ నెంబరు నిబంధనలు చూడండి. ఫ్యూజు పోతే పట్నంలో నాలుగు పనిగంటల్లో, పల్లెలో పన్నెండు పనిగంటల్లో సరిచేయాలన్నారు. తీగలు తెగితే పట్నంలో ఆరు గంటలు, పల్లెలో ఇరవై నాలుగు. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే పట్నంలో ఇరవై నాలుగు గంటలు, పల్లెలో నలభై ఎనిమిది. ఏలూరులో కాసే ఎండే పెదపాడులోనూ కాస్తుంది. అక్కడి ముసలివాళ్లకు పట్టే చెమటే ఇక్కడా పడుతుంది. గంటలు మాత్రం రెట్టింపు, కొన్నిచోట్ల మూడింతలు, నాలుగింతలు! పల్లెటూరి ఇల్లు పట్నపు ఇంటికంటే పెద్ద బ్యాటరీ కొనాల్సి వస్తోందంటే కారణం ఆ ఇంటి వాడకం కాదు, ఈ తేడా. దీన్ని వివక్ష అనక మరేమనాలి?

కేంద్రం 2020లో తెచ్చిన వినియోగదారుల హక్కుల నిబంధనలు ఇరవై నాలుగు గంటల సరఫరాను హక్కు అన్నాయి. సేవలో లోపం ఉంటే పరిహారం వినియోగదారుడికి దానంతట అదే అందాలన్నాయి. హక్కు కాగితం మీద ఉంది, ఖర్చు మన మెట్ల కింద ఉంది. బ్యాటరీ కొని, దాన్ని నింపడానికి మళ్లీ బిల్లు కట్టి, లోపల పోయే కరెంటుకు కూడా మనమే కడుతున్నాం.

కాబట్టి రెండు పనులు చేద్దాం. మొదటిది ఇంట్లో. ఒక నెల పాటు కరెంటు పోయిన టైము, వచ్చిన టైము క్యాలెండరు మీద రాయండి. ఏమేం నడవాలో వాట్లతో రాయండి. ఆ చీటీ పట్టుకునే దుకాణానికి వెళ్లండి. 'ఇన్ని వాట్లు, ఇన్ని గంటలు నడుస్తుంది' అని బిల్లు మీద రాసివ్వమని అడగండి. రాయనన్న చోట కొనకండి.

రెండోది ఊళ్లో. మన ఫీడరులో గత ఏడాది అంతరాయాల వివరాలు ఇవ్వమని 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదాం. కరెంటు పోయిన ప్రతిసారీ 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నెంబరు తీసుకుందాం. నెంబరు లేని ఫిర్యాదు లెక్కలోకి రాదు. ఏటా ఛార్జీల మీద నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెట్టినప్పుడు ఆ కాగితాలన్నీ పట్టుకెళ్లి అక్కడ బల్ల మీద పెడదాం. పల్లెకు ఒక గడువు, పట్నానికి ఒక గడువు ఎందుకని అడుగుదాం.

తిరుపతి దగ్గర కరకంబాడిలో బ్యాటరీలు తయారవుతున్నాయి. హైదరాబాద్ కంపెనీ రైల్వేకూ రక్షణ రంగానికీ బ్యాటరీలు చేసి ఇస్తోంది. చేయడం తెలిసిన మనకు కొలవడం రాదా? ఇంటి బ్యాటరీ ఎంత చిన్నదైతే ఆ ఊరి కరెంటు అంత బాగున్నట్టు. పెదపాడులో వంద ఏహెచ్ చాలే రోజు రావాలి. అది రావాలంటే ముందు క్యాలెండరు మీద ఈ రాత్రి కోత టైము రాయడం మొదలుపెట్టాలి.